తాడిచెట్టు చెప్పిన ద్విగుణ కోణము

జగ్గయ్యపేటనుండి నందిగామ మీదుగా విజయవాడకు పోవు బస్సును ఉదయవేళ ఎక్కినవారికి, పత్తి చేలును మిరప తోటలును సున్నపురాతి గనులును సిమెంటు కార్ఖానాల పొగగొట్టములును కిటికీవెంట వెనుకకు జరిగిపోవుచుండగా, బస్సులోపల మాత్రము ఒక జపము వినబడుచుండును. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు బాలబాలికలు ఒడిలో పుస్తకము తెరచియుంచి, కనులు మూసికొని, పెదవులు కదలించుచు, 'సైన్ టూ ఏ ఈజ్ ఈక్వల్ టు టూ సైన్ ఏ కాస్ ఏ' అని, వేదపాఠశాలలో వటువులు సంత చెప్పుకొనునట్లు వల్లించుచుందురు. వారి శ్రద్ధలో లోపము లేదు. కాని వేదమునకు స్వరమెట్టిదో గణిత సూత్రమునకు బొమ్మ అట్టిది. స్వరము తప్పిన మంత్రమువలె బొమ్మ లేని సూత్రము పరీక్ష నాటికి నోటనుండి జారిపోవును, జారకున్నను దేనికి పనికివచ్చునో తెలియక వట్టి శబ్దముగా మిగులును. త్రికోణమితిలో పిల్లలను మిక్కిలి భయపెట్టు ఈ ద్విగుణ కోణ సూత్రములను మన మెట్టసీమలో ఏ ఏటిగట్టుననైనను కంటితో చూడవచ్చునని నా నమ్మకము. ఆ చూపించు పనికే ఈ వ్యాసమును పూనుకొంటిని.

పాఠకులలో చదువు విడిచి చాలకాలమైనవారు ఉందురు గనుక మొదటి మాటలు మరల చెప్పుకొందము. లంబకోణ త్రిభుజములో ఒక కోణమును 'క' అందము. ఆ కోణమునకు ఎదుటనున్న భుజమును కర్ణముచే భాగించిన వచ్చునది సైన్ క. ప్రక్కనున్న భుజమును కర్ణముచే భాగించిన వచ్చునది కాస్ క. ఎదుటి భుజమును ప్రక్క భుజముచే భాగించిన వచ్చునది టాన్ క. త్రిభుజము చిన్నదైనను పెద్దదైనను, కోణము మారనంతవరకు ఈ నిష్పత్తులు మారవు. త్రికోణమితియంతయు ఈ ఒక్క స్థిరత్వముమీద ఆధారపడినది.

ఇక సర్వసమీకరణమన నేమి? సమీకరణమన్నది ఒక ప్రశ్న. 'సైన్ 2క = సైన్ క' అని వ్రాసిన, ఏయే కోణములకు ఇది నిజమని మనలను అడుగుచున్నది; 0, 60, 180, 300 డిగ్రీలకు నిజము, 50 డిగ్రీలకు అబద్ధము. సర్వసమీకరణమన్ననో, రెండు వైపులకు అర్థమున్న ప్రతి కోణమునకును నిజమైన మాట. అక్కడ వెదకవలసిన అజ్ఞాతమేదియు లేదు. ఒకే మనిషి పొలములో పంచె ఎగగట్టి మడకవెంట నడచును, పెండ్లిలో పట్టుపంచె కట్టి పందిటిలో కూర్చుండును. ఇరువురును ఒకరే అని పోల్చి చెప్పుటయే సర్వసమీకరణ నిరూపణము. ఈ భేదము తెలియక, నిరూపింపుమన్నచోట సాధించుటయు, సాధింపుమన్నచోట నిరూపించుటయు పిల్లల జవాబు పత్రములలో తరచుగా కనబడును.

గడచిన వేసవి సెలవులలో నందిగామ చెంత మునియేటి గట్టున ఒక సాయంకాలము గడపితిని. మా తమ్ముని కుమార్తె వెంట వచ్చినది. "పెదనాన్నా, ఈ చాప్టర్లో సూత్రాలు ముప్పైకి పైనే ఉన్నాయి. ఒకటి గుర్తుంటే ఇంకొకటి పోతోంది" అని వాపోయినది. "ఒక్క చెట్టు చాలమ్మా, జామెట్రీ బాక్సు పట్టుకుని రా" అంటిని. గట్టుమీద ఒంటిగా ఒక తాడిచెట్టు. ఎదుట చదునైన నేల. కోణమానినికి నడుమనున్న బిందువువద్ద దారము కట్టి, దాని కొసకు ఒక ఇనుప నట్టు వ్రేలాడదీసి, చదునైన అంచువెంట రీఫిల్ తీసిన బాల్‌పెన్ను గొట్టమును అంటించితిమి. గొట్టమును మట్టముగా పట్టుకొన్నప్పుడు దారము 90 మీద నిలుచును. తల పైకెత్తి చెట్టు మొవ్వును గొట్టములోనుండి చూచినపుడు దారము 90 నుండి ఎన్ని డిగ్రీలు తొలగినదో అన్ని డిగ్రీలే ఊర్ధ్వకోణము. ఇదియే మా యంత్రము. దీని ఖరీదు పది రూపాయలకు మించదు.

చెట్టుకు దూరముగా పోయి, మొవ్వు సరిగా 15 డిగ్రీలలో కనబడు చోట ఒక పుల్ల పాతితిమి. అక్కడినుండి చెట్టువైపు తిన్నగా నడచుచు, అమ్మాయి నాలుగేసి అడుగులకొకసారి ఆగి గొట్టములో చూచుచు వచ్చినది. దారము 90 నుండి 30 డిగ్రీలు తొలగినచోట రెండవ పుల్ల పాతితిమి. రెండు పుల్లల నడిమి దూరము టేపుతో కొలువగా 30 మీటర్లకు రెండు మూడు అంగుళములు అటునిటుగా వచ్చినది. "ఇక చెట్టు ఎత్తు చెప్పు" అంటిని. అమ్మాయి కలము తీసి టాన్ 15 విలువకై పుస్తకము తిరగవేయబోగా, "పుస్తకము వలదు, మనము నడచిన దూరమే ఇక్కడినుండి చెట్టు తలకున్న దూరము" అని చెప్పితిని. ఆమె నమ్మలేదు. నమ్మకుండుటయే మంచిదైనది, నేలమీద పుల్లతో బొమ్మ గీయవలసి వచ్చినది.

మొదటి చోటు మ, రెండవ చోటు న, చెట్టు తల త, కంటిమట్టమున చెట్టుమీది బిందువు ప అనుకొందము. మనత అను త్రిభుజములో మ వద్ద కోణము 15. న వద్ద బయటి కోణము 30. బాహ్యకోణము తనకు ఎదుటనున్న రెండు లోపలి కోణముల మొత్తమునకు సమానము గదా! కనుక త వద్ద కోణము కూడ 15 కావలెను. రెండు కోణములు సమానమైన త్రిభుజములో వాని ఎదుటి భుజములును సమానములే. మన, నత సమానములు. కోణము రెండింతలగు వరకు నడచినవాడు, తనకు తెలియకయే, తలకున్న ఏటవాలు దూరమును నేలమీద అడుగులతో కొలిచి పెట్టినాడు. నత 30 మీటర్లు. సైన్ 30 అర. కనుక ఎత్తు 15 మీటర్లు. కంటియెత్తు ఒకటిన్నర మీటరు కలిపిన పదహారున్నర.

అంతలో మోకు భుజమున వేసికొని గీతకార్మికుడొకడు గట్టువెంట వచ్చుచుండెను. "ఎంతుంటది బాబాయ్ ఈ చెట్టు?" అని అమ్మాయి అడిగినది. అతడు తలయెత్తియైనను చూడక, "పది బారలకు తక్కువుండదమ్మా, రోజూ ఎక్కేదే" అన్నాడు. చేతులు చాచిన బార మనిషి నిలువుకు ఇంచుమించు సమానము. అతని బారతో పదియనగా పదహారున్నర మీటర్ల దరిదాపే. అమ్మాయి నావంక చూచిన చూపును నేను మరువజాలను.

ఇప్పుడు ఆ బొమ్మనే 15 అను సంఖ్యను విడిచి చూతము. మొదటి కోణము క, రెండవది 2క, నడచిన దూరము ఒక ప్రమాణము. నత కూడ ఒకటియే గనుక చెట్టు ఎత్తు సైన్ 2క. న నుండి చెట్టు మొదటికి దూరము కాస్ 2క. న నుండి మత అను రేఖకు లంబము దించినచో, ద్విసమబాహు త్రిభుజము గనుక, అది మత ను సరిగా రెండు భాగములు చేయును. ఒక్కొక్క భాగము కాస్ క. మత మొత్తము 2 కాస్ క. ఇక దూరపు పుల్లవద్ద నిలిచి అదే చెట్టును చూడుము. ఎత్తు, మత ను సైన్ క చే గుణింప వచ్చునది, అనగా 2 కాస్ క × సైన్ క. చెట్టు ఒకటే, ఎత్తు ఒకటే. కావున సైన్ 2క = 2 సైన్ క × కాస్ క. బస్సులో జపించిన వాక్యమే మునియేటి గట్టున నిలువుగా నిలిచినది.

మిగిలిన సూత్రములకు వేరే చోటికి పోనక్కరలేదు. దూరపు పుల్లనుండి చెట్టు మొదటికి దూరము మత ను కాస్ క చే గుణించిన వచ్చును: 2 కాస్² క. అదే దూరమును మరియొక విధముగా చెప్పిన, నడచినది ఒకటి, మిగిలినది కాస్ 2క. కనుక 2 కాస్² క = 1 + కాస్ 2క; దీనినే త్రిప్పి వ్రాసిన కాస్ 2క = 2 కాస్² క − 1. ఎత్తును దూరముచే భాగించిన టాన్ క = సైన్ 2క / (1 + కాస్ 2క). ఈ చివరిది పరీక్షలలో నిరూపింపుమని తరచు అడుగు సర్వసమీకరణము. ఇది దూరపు పుల్లవద్ద నిలిచి చెట్టును చూచుటకన్న వేరు కాదు. మా చెట్టుకే అన్వయింప టాన్ 15 = 15 / (30 + 15√3) అగును; కుదించిన 2 − √3. అమ్మాయి పుస్తకములో వెదకబోయిన విలువ పుస్తకము తెరువకయే చేతికి వచ్చినది.

ఒక్క జాగ్రత్త చెప్పవలెను. క 45 డిగ్రీలను మించినచో 2క 90ని మించును. అప్పుడు రెండవ పుల్ల చెట్టుకు ఆవలివైపున పడును, కాస్ 2క ఋణసంఖ్య అగును. ఋణసంఖ్య అన పిల్లలకు వెరపు; కాని ఇక్కడ దాని అర్థము 'చెట్టు దాటితివి' అనుట మాత్రమే.

ఈ బొమ్మకు వృత్తముతోను చుట్టరికము కలదు. జగ్గయ్యపేటలో ధనంబోడు అను గుట్టమీద ఒక ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని పరిశోధించి లోకమునకు తెలిపినాడు. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని శాసనము అక్కడ లభించినది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేర ఈ ఊరిని వెలయించుటకు శతాబ్దముల ముందటి కట్టడమది. ఆ గుండ్రని వేదికను చూచినప్పుడెల్ల, నడుమ మేకు పాతి, త్రాడు బిగించి, చుట్టును నడచి వలయము గీచిన ఆ పేరు తెలియని శిల్పులు నా మనస్సునకు వత్తురు. మన తాడిచెట్టు బొమ్మను ఆ వలయములో అమర్చి చూడుడు. న ను కేంద్రముగా, నడచిన దూరమును వ్యాసార్ధముగా వృత్తము గీచినచో, మ, త రెండును ఆ వృత్తముమీదనే పడును. వలయపు అంచున ఒకచోట దీపముంచి, దానిని ఎదుటి అంచుననున్నవాడును కేంద్రమున నున్నవాడును చూచినచో, తమ యిరువురిని కలుపు గీతనుండి కొలిచిన కోణము కేంద్రములోనివానికి రెట్టింపు కనబడును. తొమ్మిదవ తరగతిలో వృత్తముల పాఠమున వచ్చు సిద్ధాంతమే ఇది. ఇంటర్మీడియట్ మొదటి యేట మరల వచ్చి ద్విగుణ కోణమను పేర పలుకరించుచున్నది. పాత చుట్టమును పోల్చుకొనలేకపోవుట మన బోధనలోని లోపమని చెప్పక తప్పదు.

వృత్తములో కొంత చాపమును తీసికొని రెండు కొసలను తిన్నని గీతతో కలిపిన, ఎక్కుపెట్టిన విల్లు కనబడును. ఆ గీతను మన పూర్వులు జ్య అనిరి, అనగా వింటినారి. 499లో ఆర్యభటుడు అర్ధజ్యను ఆధారము చేసికొని, మూడు డిగ్రీల నలుబదియైదు కళల కొకటి చొప్పున 24 జ్యలు తెలియునట్లు వాని భేదములను కూర్చిపెట్టెను. ఈ విచిత్రమైన అంతరము ఎక్కడిదని మొదట నేనును ఆశ్చర్యపడితిని. 30ని సగము చేసిన 15, దానిని సగము చేసిన ఏడున్నర, మరల సగము చేసిన మూడుముప్పాతిక డిగ్రీలు. అది 225 కళలు. అర్ధకోణములోనికి దిగుటయన్న ద్విగుణ సూత్రమును తలక్రిందుగా పట్టుకొనుటయే. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఈ అర్ధకోణ సంబంధమునే చెప్పినాడు; నేటి భాషలో వ్రాసిన, సైన్² క = (1 − కాస్ 2క) / 2. 1150లో సిద్ధాంతశిరోమణి రచించిన భాస్కరాచార్యుడు జ్యోత్పత్తి ప్రకరణములో రెండు కోణముల మొత్తమునకును భేదమునకును జ్యను కనుగొను విధిని ఇచ్చెను. ఆ రెండు కోణములును సమానములైన మన సూత్రమే వచ్చును.

జ్యకు పర్యాయమైన జీవ అను మాట అరబ్బులకడకు పోయి జీబ అయ్యెను. అచ్చులు విడిచి వ్రాయు వారి లిపిలో దానిని జైబ్ అని చదివిరి, అనగా వస్త్రపు మడత. దానిని లాటిన్ భాషలోనికి మార్చినవారు సైనస్ అనిరి. మన పిల్లలు పరాయిదని జంకుచున్న సైన్, దేశములు తిరిగి, వేషము మార్చి పుట్టింటికి వచ్చిన మన ఆడపడుచే. గణితమునకు తెలుగు చాలదనువారికి మరియొక మాట కూడ చెప్పవలెను: మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పద్యములలో తెనిగించి వెయ్యేండ్లు కావచ్చినది.

ఈ విద్య పుస్తకముల పాలేననుకొనరాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంటు చెంత సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిచి, ఆ ఒక్క కొలతమీద త్రిభుజమునకు త్రిభుజము చేర్చుచు, మిగిలిన దూరములను కోణములనుండియే రాబట్టుచు సాగిపోయెను. మేము రెండు పుల్లల నడుమ టేపు పట్టినట్లే అతడు గొలుసు పట్టినాడు. అతనికి సహాయకుడుగా వచ్చిన జార్జి ఎవరెస్టు 1819లో హైదరాబాదుకు తూర్పున కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు తీయుచు, పరివారముతో కూడ విషజ్వరము పాలై, కోలుకొనుటకు 1820లో ఆఫ్రికా కొసనున్న కేప్ ప్రాంతమునకు పోవలసివచ్చెను. లోకమున కెల్ల ఉన్నతమైన శిఖరమునకు తరువాత ఎవని పేరు పెట్టిరో ఆ మనిషి మన సీమకు చేరువ అడవులలో చావు తప్పించుకొన్నాడు.

ఇక నిరూపణములలో పిల్లలు జారిపడు చోట్లు. మొదటిది, కోణము రెండింతలైన సైన్ రెండింతలగునని తలచుట. సైన్ 30 అర. రెట్టింపగునేని సైన్ 60 ఒకటి కావలెను. కాని అది 0.866 మాత్రమే. కాస్ క అను గుణకము ఊరకే రాలేదు. దగ్గరకు నడచుటచే ఏటవాలు దూరము ఎంత తగ్గినదో 2 కాస్ క చెప్పుచున్నది. రెండవది తొందరపడి కొట్టివేయుట. సైన్ 2క = సైన్ క అను సమీకరణమును 2 సైన్ క × కాస్ క = సైన్ క అని వ్రాసి, రెండు వైపుల సైన్ క ను కొట్టివేసినవానికి 60, 300 దొరకును గాని 0, 180 చేజారును; సున్న కాగల దానిచే భాగించినందుకు శిక్ష అది. ఒకవైపునకు తెచ్చి సైన్ క (2 కాస్ క − 1) = 0 అని విడదీసినవాడు నాల్గింటిని పట్టుకొనును.

అన్నింటికన్న పెద్ద దోషము, నిరూపింపవలసినదానినే నిజమని మొదట వ్రాసికొని, రెండు వైపుల ఏదో చేసి, చివరకు 1 = 1 అని తేల్చి సంతోషించుట. అట్లయిన 'సైన్ క = −సైన్ క' అను అబద్ధమును కూడ రెండు వైపుల వర్గము చేసి నిజమనిపించవచ్చును. ఒకవైపు పట్టుకొని, ఆ వైపునే మార్చుచు, రెండవవైపు వచ్చువరకు నడచుట మర్యాద. (1 − కాస్ 2క) / సైన్ 2క = టాన్ క అని చూపవలెననుకొందము. కాస్ 2క కు మూడు ముఖములు గలవు: కాస్² క − సైన్² క, 2 కాస్² క − 1, 1 − 2 సైన్² క. మూడవదానిని తీసికొన్న, లవములోని ఒకటికి ఒకటి చెల్లిపోయి 2 సైన్² క మిగులును. హారములో 2 సైన్ క × కాస్ క. కుదింపగా సైన్ క / కాస్ క. మొదటి ముఖమును తీసికొన్నను దారి దొరకును గాని చుట్టుదారి. ఏ తాళమునకు ఏ చెవియో పోల్చుటలోనే నేర్పంతయు ఉన్నది. అది వల్లెవేయుటచే రాదు, పది లెక్కలు తానై తడుముకొనుటచే వచ్చును.

మునియేటి గట్టున ఆ సాయంకాలము, చీకటి పడకముందు, అమ్మాయి ఒక లెక్క చూపినది. కాస్ 20 × కాస్ 40 × కాస్ 80 = 1/8 అని నిరూపింపవలెను. రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త చిన్ననాట మారీ జేకబ్స్ అను స్నేహితుడు చెప్పగా విని, జన్మమంతయు మరువని ఫలితమిది. పుస్తకములో చెప్పిన మార్గము, 8 సైన్ 20 చే గుణించి, సైన్ 40, సైన్ 80, సైన్ 160 అని మెట్లెక్కుట. "చెట్టుతో చెయ్యలేమా?" అని అడిగినది. ఈ ప్రశ్న ఆమె నోటనుండి వచ్చినందుకు నాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు.

20 డిగ్రీల చోట ఒకటి, 40 చోట ఒకటి, 80 చోట ఒకటి, పుల్లలు పాతితిమి. చివరిది చెట్టు మొదటికి రెండున్నర మీటర్లకు కొంచెము పైన. ప్రతి మజిలీలోను, వెనుకటి ఏటవాలు దూరము ముందటి ఏటవాలు దూరమునకు 2 కాస్ (వెనుకటి కోణము) రెట్లు. ఇందాక చూచితిమి గదా, మత అన్నది నత కు 2 కాస్ క రెట్లని. కనుక మొదటి పుల్లనుండి తలకు దూరము, నాల్గవ పుల్లనుండి తలకున్న దూరమునకు 2 కాస్ 20 × 2 కాస్ 40 × 2 కాస్ 80 రెట్లు కావలెను. నాల్గవ పుల్ల ఎక్కడ? 80ని రెట్టింపు చేసిన 160. "160 అంటే చెట్టు దాటి వెళ్ళాలి పెదనాన్నా" అని తనంతట తానే పలికి, అమ్మాయి తాడిచెట్టును దాటి, ఆవలి చదునులో ఇంచుమించు నలుబది మీటర్లు నడచిపోయినది. మొదటి పుల్ల చెట్టుకు ఈవల ఎంత దూరమో ఆవల అంతే దూరమున ఆగి, వెనుదిరిగి, గొట్టమును కంటికెత్తుకొని మొవ్వును చూచినది. ఇనుప నట్టు కొంతసేపు ఊగి నిలిచినది. "ఇరవై!" అని అక్కడినుండియే కేక వేసినది. మొదటి దూరమును చివరి దూరమును ఒకటే. కనుక ఆ ఎనిమిది రెట్ల గుణలబ్ధము ఒకటి. ఆమె అక్కడనే కూర్చుండి, పొద్దు వాలుచుండగా, నోటుపుస్తకము మోకాలిమీద పెట్టుకొని ఆ ముక్క వ్రాసికొనుచుండెను.